మీ వివరాలు మీకు చెప్పకుండా చేతులు మారితే: ఉత్తరం ఎలా రాయాలి, ఏ తలుపు తట్టాలి

నిరుడు మా నాన్నగారికి రక్తపరీక్ష చేయించాము. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చిన మూడో రోజు ఉదయం, ఆయన కాఫీ తాగుతుండగా ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతలి అమ్మాయి ఆయనను పేరు పెట్టి పలకరించి, "మీ మూడు నెలల షుగర్ సగటు 8.4 ఉంది కదా సార్, మా ప్యాకేజీలో చేరితే ఆరు నెలల్లో తగ్గిస్తాము" అన్నది. ఆ అంకె మా ఇంట్లో వాళ్లకు, పరీక్ష చేసిన కేంద్రానికి తప్ప మరొకరికి తెలిసే దారి లేదు. జబ్బు సంగతి తోడబుట్టినవాళ్లకు కూడా చెప్పుకోని మనిషి ఆయన. ఫోను పక్కన పెట్టి, చల్లారిపోతున్న కాఫీ వైపు చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయారు.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను చేసిన పనులు, అందులో చేసిన పొరపాట్లు, చదివి తెలుసుకున్న చట్టాలు కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. మీ వివరాలు పరీక్షా కేంద్రం నుంచి పోయినా, అప్పు ఇచ్చే యాప్ నుంచి పోయినా, దుకాణం బిల్లు కౌంటర్ నుంచి పోయినా నడవవలసిన దారి చాలావరకు ఒకటే.

ముందుగా తెలియవలసినది: ఏ చట్టం ఎప్పటి నుంచి

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. దాని తర్వాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. నియమావళి రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. దానితో పాటే వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం చట్టం విడతలుగా అమలవుతుంది. ఫిర్యాదులు విచారించి జరిమానా వేసే డేటా పరిరక్షణ బోర్డు ఏర్పాటుకు సంబంధించిన సెక్షన్లు వెంటనే అమల్లోకి వచ్చాయి. మన హక్కులకు, సంస్థల బాధ్యతలకు సంబంధించిన ముఖ్యమైన సెక్షన్లకు మాత్రం 18 నెలల గడువు పెట్టారు, అంటే 2027 మే నెల.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. కొత్త చట్టం సెక్షన్లు ఉదహరిస్తూ ఈ గడువుకు ముందే ఫిర్యాదు రాస్తే, ఆ సెక్షన్లు ఇంకా అమల్లోకి రాలేదని సంస్థ ఒక్క వాక్యంతో తోసిపుచ్చగలదు. అయితే అప్పటి వరకు మనకు రక్షణ లేదనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43ఎ సెక్షను, దాని కింద 2011లో వచ్చిన నియమాలు ఆ గడువు దాకా ఉంటాయి. ఆరోగ్య స్థితి, వైద్య రికార్డులు, బ్యాంకు ఖాతా, కార్డు వివరాలు, పాస్‌వర్డులు, వేలిముద్రల వంటి బయోమెట్రిక్ వివరాలు ఆ నియమాల ప్రకారం సున్నితమైన సమాచారం. వాటిని మూడో వ్యక్తికి అందజేయాలంటే, ఒప్పందంలోనే అందుకు అంగీకరించి ఉంటేనో చట్టమే కోరితేనో తప్ప, ఇచ్చినవారి ముందస్తు అనుమతి ఉండాలి. పేరు, ఫోను నంబరు వంటివి ఈ జాబితాలో లేవు. అందుకే మీ దగ్గరి నుంచి పోయినది ఏ రకమైన సమాచారమో మొదట తేల్చుకోవాలి. ఉత్తరం బలం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి పని: ఆధారాన్ని భద్రపరచడం

కోపంలో ఆ నంబరును బ్లాక్ చేసి, దాని నుంచి వచ్చిన మెసేజి ఏదైనా ఉంటే తీసేయకండి. నేను చేసిన మొదటి పొరపాటు అదే. మెసేజి తీసేశాక మిగిలింది నా మాట ఒక్కటే. వచ్చిన ఫోను నంబరు, తేదీ, సమయం, ఎంతసేపు మాట్లాడారు అన్నవి కనిపించేలా కాల్ జాబితాను స్క్రీన్‌షాట్ తీసుకోండి. అవతలివారు అన్న మాటలను, ముఖ్యంగా ఇతరులకు తెలియరాని అంకెనో, పాలసీ నంబరునో, చివరిసారి కొన్న వస్తువునో ప్రస్తావించి ఉంటే ఆ మాటను, అదే రోజు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మళ్లీ ఫోను వస్తే తొందరపడి తిట్టకుండా, మీరు ఏ సంస్థ నుంచి మాట్లాడుతున్నారు, నా నంబరు మీకు ఎవరు ఇచ్చారు అని నెమ్మదిగా అడగండి. రోజుకు వందల మందితో మాట్లాడే ఆ ఉద్యోగులు చాలాసార్లు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారు. మాకు అసలు దారి దొరికింది అలాగే. రెండోసారి ఫోను చేసిన అబ్బాయి, "ల్యాబ్ నుంచి లిస్టు వస్తుంది సార్" అన్నాడు.

స్క్రీన్‌షాట్‌తో పాటు అసలు మెసేజి, అసలు రికార్డింగు ఫోనులోనే ఉండనివ్వండి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జతచేయవలసి వస్తుంది. మూలం చెరిగిపోతే ఆ పత్రం ఇవ్వడం కష్టమవుతుంది. ఇక బిల్లు. రశీదు పారేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయంలోనైనా మానుకోవాలి. మీరు డబ్బు చెల్లించి సేవ పొందారని చూపించే ఆ చిన్న కాగితమే తర్వాత మిమ్మల్ని చట్టం దృష్టిలో వినియోగదారుగా నిలబెడుతుంది.

రెండో పని: ఎవరికి రాయాలో కనుక్కోవడం

ఫోను చేసినవారి కంటే ముందు, మీరు నమ్మి వివరాలు ఇచ్చినవారిని అడగాలి. 2011 నియమాల ప్రకారం ప్రతి సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆ అధికారి పేరు, సంప్రదించే వివరాలు తన వెబ్‌సైటులో పెట్టాలి. అందిన ఫిర్యాదును నెల లోపల పరిష్కరించాలి. వెబ్‌సైటులో అన్నిటికంటే కింద, సన్నని అక్షరాలలో ఉండే ప్రైవసీ పాలసీ పేజీ చివర ఈ వివరాలు ఉంటాయి. దొరకకపోతే సంస్థ నమోదిత కార్యాలయానికి, 'ఫిర్యాదుల అధికారి' అన్న హోదాకే రాయండి. అధికారి వివరాలు వెబ్‌సైటులో లేవన్న సంగతిని కూడా ఉత్తరంలో ఒక వాక్యంగా చేర్చండి. అది వాళ్ల లోపమే.

కస్టమర్ కేర్‌కు ఫోను చేసి ఊరుకోవద్దు. నేను మూడు సార్లు చేశాను. మూడు సార్లూ "నోట్ చేసుకున్నాము సార్" అన్నారు. మా వైపు ఏ జాడా మిగలలేదు.

మూడో పని: ఉత్తరం

మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసిన పని ఇదే. ఉత్తరం ఎవరి వివరాల గురించో వారి సంతకంతోనే వెళ్లాలి. నేను నా పేరుతో పంపిన మొదటి ఉత్తరానికి, మీకు ఈ రికార్డుతో సంబంధం లేదు కాబట్టి జవాబు ఇవ్వలేమన్నారు. ఆలోచిస్తే అది న్యాయమైన మాటే. కొడుకునంటూ ఎవరు రాసినా వివరాలు ఇచ్చే సంస్థను నేను కూడా నమ్మను. రెండోసారి నాన్నగారే సంతకం చేశారు.

భాష మర్యాదగా ఉండాలి, అడిగేవి స్పష్టంగా ఉండాలి. మేము పంపిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది. మీ సందర్భానికి తగ్గట్టు మార్చుకుని వాడుకోవచ్చు:

"ఫిర్యాదుల అధికారి గారికి. నేను ఫలానా తేదీన మీ కేంద్రంలో, ఫలానా నంబరు గల బిల్లుపై, రక్తపరీక్ష చేయించుకున్నాను. ఆ పరీక్ష ఫలితంలోని ఒక అంకెను ప్రస్తావిస్తూ ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా నంబరు నుంచి నాకు ఫోను వచ్చింది. కాల్ వివరాల ప్రతిని జతపరిచాను. నా వైద్య సమాచారాన్ని ఇతరులకు ఇవ్వడానికి నేను అనుమతి ఇచ్చినట్టు నాకు గుర్తు లేదు. కాబట్టి నా గురించి మీ వద్ద ఉన్న వివరాలన్నిటి ప్రతిని నాకు పంపగలరు. వాటిని ఎవరెవరికి, ఏ తేదీన, ఏ అవసరం కోసం అందజేశారో పేర్లతో సహా తెలియజేయగలరు. నా సమ్మతి ఉందని మీరు భావిస్తే, అది నేను ఎప్పుడు, ఏ రూపంలో ఇచ్చానో చూపించే పత్రం ప్రతిని జతచేయగలరు. పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వడానికి తప్ప మరే అవసరానికైనా నేను ఇచ్చిన సమ్మతి ఏదైనా ఉంటే, దానిని ఈ ఉత్తరంతో ఉపసంహరించుకుంటున్నాను. చట్టం ప్రకారం మీరు భద్రపరచవలసినవి మినహా మిగిలిన వివరాలను తొలగించి, మీరు అందజేసిన సంస్థల చేత కూడా తొలగింపజేసి, ఆ సంగతిని రాతపూర్వకంగా తెలియజేయగలరు. సమాచార సాంకేతిక చట్టం 43ఎ సెక్షను, దాని కింది 2011 నియమాలలోని 5, 6 నియమాల ప్రకారం ఈ ఉత్తరం రాస్తున్నాను. అందిన నాటి నుంచి నెల లోపల జవాబు ఇవ్వగలరు."

ఈ ఉత్తరాన్ని మీరు ఆ సంస్థకు మొదట ఇచ్చిన ఈమెయిల్ నుంచే పంపండి. దానితో పాటు కాగితం ప్రతిని స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే రుజువును దాచుకోండి. మీరెవరో నిరూపించుకోవడానికి ఆధార్ జిరాక్సు జతచేయవద్దు. వివరాలు పోయాయని ఫిర్యాదు చేస్తూ అదే చోటికి ఇంకొన్ని వివరాలు పంపడం ఎందుకు? బిల్లు నంబరు, నమోదైన ఫోను నంబరు సరిపోతాయి. ఇంకా గుర్తింపు కావాలని అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపవచ్చు.

ఉత్తరం తెలుగులో రాయవచ్చా అని మా బంధువు ఒకరు అడిగారు. నిస్సందేహంగా రాయవచ్చు. సంస్థ ప్రధాన కార్యాలయం వేరే రాష్ట్రంలో ఉంటే ఇంగ్లీషు ప్రతిని కూడా జతచేస్తే త్వరగా పని జరుగుతుంది, అంతే. కొత్త చట్టం ఈ విషయంలో ఒక మంచి మెట్టు ఎక్కింది. సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా చదువుకునే వీలును సంస్థ కల్పించాలి. తెలుగు అందులో ఉంది. ఏమి రాసి ఉందో తెలియకుండా "ఐ అగ్రీ" నొక్కుతూ వచ్చిన మన పెద్దవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. గడువు వచ్చాక ప్రతి యాప్‌లోనూ తెలుగు నోటీసు కావాలని పట్టుబట్టి అడగండి. అడిగేవాళ్లు లేకపోతే అది చట్టం పుస్తకంలోనే మిగిలిపోతుంది.

నాలుగో పని: జవాబును చదవడం

మా ఉత్తరానికి ఇరవై రెండో రోజున జవాబు వచ్చింది. "నాణ్యమైన ఆరోగ్య సేవలు అందించే భాగస్వామి సంస్థతో" వివరాలు పంచుకున్నామని, రిజిస్ట్రేషన్ ఫారంలో మా నాన్నగారు అందుకు సమ్మతించారని అందులో ఉంది. జతచేసిన ఫారం కాపీని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాము. పన్నెండు పంక్తుల సన్నని ఇంగ్లీషు పేరాలో తొమ్మిదో పంక్తిలో ఆ మాట ఉంది. కింద ఉన్న గడిలో టిక్కు ముందే అచ్చయి ఉంది, పెన్నుతో పెట్టినది కాదు.

ఇలాంటి జవాబు వచ్చినప్పుడు చాలామంది, సంతకం పెట్టాము కాబట్టి మన తప్పేనని వెనక్కి తగ్గుతారు. తగ్గవలసిన పని లేదు. సమ్మతి తెలిసి ఇచ్చినదేనా, ఏ అవసరానికి ఇచ్చారు, ఆ అవసరానికి ఆ వివరాలు నిజంగా కావాలా అన్న మూడు ప్రశ్నలు వేసుకోండి. గడువు దాకా ఉత్తరంలో ఉదహరించలేకపోయినా, కొలబద్దగా కొత్త చట్టం పనికొస్తుంది. దాని 6వ సెక్షను సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావు లేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలంటుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఫోనులో వైద్య సలహా ఇచ్చే యాప్, సేవ కోసం ఒక సమ్మతి, ఫోనులోని కాంటాక్టుల కోసం మరొక సమ్మతి అడిగితే, మనిషి రెంటికీ సరేనన్నా కూడా ఆ సమ్మతి వైద్య సేవకే పరిమితమవుతుంది. ఎందుకంటే వైద్య సలహాకు కాంటాక్టులు అక్కరలేదు. ముందే అచ్చేసిన టిక్కు మనిషి చేసిన చర్య ఎలా అవుతుంది? మేము రెండో ఉత్తరంలో ఈ ఒక్క ప్రశ్నే అడిగాము. ఆ తర్వాతే తొలగింపు ధ్రువీకరణ, భాగస్వామి సంస్థ పేరుతో సహా, చేతికి వచ్చింది.

తొలగింపు కోరేటప్పుడు ఒక హద్దు గుర్తుంచుకోండి. బ్యాంకులు ఖాతా మూసిన తర్వాత కూడా ఖాతాదారు గుర్తింపు పత్రాలను ఐదేళ్లు ఉంచాలని మనీలాండరింగ్ నిరోధక చట్టం చెబుతుంది. అలాంటివి తీసేయమని పట్టుబడితే మీ మాట చులకన అవుతుంది. ప్రకటనల కోసం వాడవద్దని, ఇతరులకు ఇవ్వవద్దని కోరడానికి మాత్రం అడ్డేమీ ఉండదు.

నెల గడిచినా జవాబు లేకపోతే

ఇక్కడ మూడు నాలుగు తలుపులు ఉన్నాయి. సామాన్యులకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది వినియోగదారుల కమిషన్ అని నా అభిప్రాయం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, వినియోగదారు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించని రీతిలో ఇతరులకు వెల్లడించడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. ఈ నిబంధన గురించి చాలామందికి తెలియదు. ఫోను నంబరు, చిరునామా వంటి సాధారణ వివరాలకు కూడా ఇది వర్తిస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. తేలకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. సంస్థ ముంబయిలో ఉన్నా మీరు అనంతపురంలోనో ఆదిలాబాదులోనో ఉండి వేయవచ్చన్నమాట. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపల వేయాలి.

పోయినవి సున్నితమైన వివరాలై, దాని వల్ల మీకు నష్టం జరిగి ఉంటే, 43ఎ సెక్షను కింద పరిహారం కోరుతూ రాష్ట్ర ప్రభుత్వ ఐటీ శాఖ కార్యదర్శి ముందు దరఖాస్తు చేయవచ్చు. 5 కోట్ల రూపాయల వరకు కోరే కేసులలో ఆ కార్యదర్శే న్యాయనిర్ణయాధికారి. దీనికి కోరే మొత్తాన్ని బట్టి రుసుము ఉంటుంది, సంస్థ నిర్లక్ష్యాన్ని కూడా నిరూపించాలి. పెద్ద నష్టం జరిగినవారు వకీలు సలహాతో వెళ్లవలసిన దారి ఇది.

అప్పుల యాప్‌ల సంగతి వేరు. ఫోనులోని ఫొటోలు, కాంటాక్టులు, కాల్ జాబితా జోలికి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. 2025లో ఇచ్చిన ఆదేశాలలోనూ దానిని కొనసాగించింది. మీ బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తున్నారంటే, యాప్ వెనుక ఉన్న బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీకి రాసి, 30 రోజులలో తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. వెనుక ఏ కంపెనీ ఉందో తెలియని యాప్ అయినా, ఫొటోలు మార్చి బెదిరిస్తున్నా, డబ్బు పోయినా ఉత్తరాలతో కాలయాపన చేయకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి.

2027 మే తర్వాత ఏమి మారుతుంది

గడువు ప్రకారం అన్నీ అమలైతే, ఇదే ఉత్తరాన్ని 2023 చట్టం 11, 12, 13 సెక్షన్ల కింద రాయవచ్చు. సున్నితమైనవా, సాధారణమైనవా అన్న తేడా అప్పుడు ఉండదు, డిజిటల్ రూపంలో ఉన్న వ్యక్తిగత వివరాలన్నీ లెక్కలోకి వస్తాయి. ఫిర్యాదు తేల్చడానికి సంస్థకు గరిష్ఠంగా 90 రోజులు ఇచ్చారు. ముందు సంస్థకు రాసి, ఆ దారి ముగిసిన తర్వాతే డేటా పరిరక్షణ బోర్డుకు వెళ్లాలి. కాబట్టి అప్పుడూ ఉత్తరం, దాని రుజువు తప్పవు. భద్రత పాటించక వివరాలు బయటపడేలా చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. అబద్ధపు ఫిర్యాదు చేసిన వ్యక్తికి కూడా 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది.

నన్ను బాధించే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆ 250 కోట్లలో ఒక్క రూపాయి కూడా నష్టపోయిన మనిషికి రాదు, మొత్తం కేంద్ర ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. పైగా పరిహారం ఇప్పించే 43ఎ సెక్షను, ఈ చట్టం పూర్తిగా అమలైన రోజున రద్దవుతుంది. అందుకే నష్టపరిహారం కోరవలసిన కేసు ఇప్పటికే చేతిలో ఉన్నవారు గడువు దాకా ఎదురుచూడకపోవడం మంచిదని నా సలహా.

ఈలోగా ఇంట్లో చేసుకోవలసినవి

ఈ చట్టం డిజిటల్ వివరాలకే వర్తిస్తుంది, కాగితం మీదే ఉండిపోయిన వాటికి కాదు. మా వీధి చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితం విప్పితే, నూనె మరకల కింద ఎవరిదో ఆధార్ జిరాక్సు కనిపించింది, ముఖంతో సహా. జిరాక్సు షాపులో సరిగా పడలేదని పక్కన పెట్టిన ప్రతిని అక్కడే వదిలేస్తే జరిగేది ఇదే. ఆ ప్రతిని అడిగి తీసుకుని చింపివేయండి. ఇచ్చే ప్రతి మీద, ఫొటోకు అడ్డంగా, ఏ పని కోసం ఇస్తున్నారో, తేదీతో సహా రాయండి. బిల్లు కౌంటర్‌లో ఫోను నంబరు అడిగితే ఇవ్వనని చెప్పవచ్చు. నంబరు ఇవ్వకపోతే సరుకు అమ్మబోమని పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే దుకాణదారులకు సూచించింది.

వేలిముద్రల విషయం మాత్రం ఈ రోజే చూసుకోవాలి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేయించి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేము. ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ వెబ్‌సైటులో గానీ మీ వేలిముద్రలను ఎవరూ వాడకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. రేషను దుకాణంలోనో, పింఛను కోసమో వేలిముద్ర వేయవలసిన రోజున తాత్కాలికంగా తెరిచి, పని అయ్యాక మళ్లీ మూసిందో లేదో చూసుకోండి. అక్కడే మీ ఆధార్‌ను గత ఆరు నెలలలో ఎక్కడెక్కడ వాడారో జాబితా కూడా ఉంటుంది. గుర్తులేని పేరు కనిపిస్తే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోను చేయండి. మా నాన్నగారు ఇప్పుడు ప్రతి నెల ఒకటో తారీఖున, పింఛను మెసేజి చూసుకున్న తర్వాత, కళ్లజోడు సరిచేసుకుని ఆ జాబితాను పైనుంచి కింది దాకా చదువుతారు.